మా తాతగారి పుస్తకము



మా మాతామహులు 1994లో, నాగర్‌కర్నూలులో, మా యింటనే కన్నుమూసిరి. అప్పటికి మాకు పదునైదేండ్లు. వారు విడిచిపోయిన ఆస్తి పెద్దది కాదు. ఒక గొడుగు, ఒక కండ్లజోడు, రెండు జతల ధోవతులు, ఒక పుస్తకము. తక్కినవన్నియు కాలక్రమమున పోయినవి. పుస్తకము మాత్రము నేటికిని మా బల్లమీద ఉన్నది. అది సురవరము ప్రతాపరెడ్డిగారి "ఆంధ్రుల సాంఘిక చరిత్ర". దాని అట్ట ఊడినది, కుట్టు వదలినది. అయినను పుటల అంచులందు తాతగారు పెన్సిలుతో వ్రాసిన సన్నని అక్షరములు ఇంకను చదువ వీలుగానే యున్నవి. ఈ పుస్తకము వ్రాసినవారిని గూర్చియు, దాని అంచులందు వ్రాసినవారిని గూర్చియు మీతో నాలుగు మాటలు చెప్పుకొనవలెనని నేడు మీ ముందునకు వచ్చితిమి.

మా తాతగారు ఒక్క వృత్తిలో స్థిరముగా నుండినవారు కారు. పదునెనిమిదవ యేట నాగర్‌కర్నూలు సమీపమునందలి ఒక పల్లెలో పట్వారీ కడ లెక్కలు వ్రాయుటకు కుదిరిరి. జీతము నెలకు ఏడు హాలీ రూపాయలు. రెండేండ్లు నిండకమునుపే ఆ పని విడిచి గద్వాల చేరి, ఒక చీరల వర్తకుని అంగడిలో గుమాస్తాగా నుండిరి. నేతగాండ్రకు నూలు తూచి యిచ్చుట, వారు నేసి తెచ్చిన చీరను విప్పి, వెలుతురున పట్టి చూచి, ఖాతాలో ఎక్కించుట వారి పని. గద్వాల చీరకు ఒడలు నూలుది, అంచును కొంగును పట్టువి. ఆ రెండు జాతుల దారములు మగ్గముమీదనే కలియవలెను. కలిసినచోట వ్రేలు పెట్టి చూచి పనితనమును చెప్పగల నేర్పు తమకు పదేండ్లలో అబ్బినదని తాతగారు అప్పుడప్పుడు గర్వముగా చెప్పుకొనెడివారు. 1950 దాటిన పిమ్మట వనపర్తిలో బడిపంతులైరి. దగ్గర దగ్గర ముప్పది యేండ్లు అక్కడనే చదువు చెప్పి, విశ్రాంతి గైకొని, తుదకు కూతురి యింటికి, అనగా మా యింటికి, వచ్చి చేరిరి.

గద్వాలలో వారిని ఎరిగినవారు "గుమాస్తాగారు" అనెడివారు. వనపర్తిలో వారు "సారు". ఏ ఊరివారికి ఆ ఊరి మనిషియే తెలియును. మొదటి పల్లెలో వారినేమని పిలిచిరో మాకు చెప్పినవారు లేరు.

"ఇన్ని పనులు మారితిరేల, తాతా?" అని మేమొకనాడు పరిహాసమున కడిగితిమి. వారు నవ్వి, "ప్రతాపరెడ్డిగారు మారలేదా?" అనిరి. ఆ మాటలోని భావము మాకప్పుడు బోధపడలేదు. ఆ మహనీయుని జీవితమును చదువుకొన్న పిమ్మటనే బోధపడినది.

సురవరము ప్రతాపరెడ్డిగారు 1896 మే 28న జన్మించిరి. వారి స్వగ్రామము ఇటిక్యాలపాడు. అది నేటి జోగులాంబ గద్వాల జిల్లాలోనిది. కృష్ణా తుంగభద్రల నడుమనున్న ఆ సీమను మా ప్రాంతమున నడిగడ్డ యందురు. ఆ కాలమున తుంగభద్రకు ఈవలి ఒడ్డు నిజాము రాజ్యము, ఆవలి ఒడ్డు ఆంగ్లేయుల యేలుబడిలోని మద్రాసు రాజధాని. ఈవలి ఒడ్డున కచేరీలందును పెద్ద బడులందును ఉర్దూ రాజ్యమేలుచుండెను. తెలుగు ఇంటిలోను పొలములోను మాటలాడుకొను భాషగా మిగిలియుండెను. ప్రతాపరెడ్డిగారు బాల్యమున ఏరు దాటి కర్నూలులో చదివిరి. పిదప హైదరాబాదు నిజాం కళాశాలలోను, మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలోను విద్య సాగించి, న్యాయశాస్త్రమున పట్టము పొందిరి. రెండు ఒడ్డుల నెరిగినవారు గనుకనే తమ ఒడ్డున లేనిదేమో వారికి స్పష్టముగా కనబడినదని మా తలంపు.

వారు ఎంచుకొన్న మొదటి వృత్తి న్యాయవాదము. అందు ధనము కలదు, గౌరవము కలదు. కాని వారి మనస్సు అందు నిలువలేదు. అప్పటి హైదరాబాదులో తెలుగువాడు తెలుగున మాటలాడుటకే సంకోచింపవలసిన స్థితి యుండెను. 1921లో వివేకవర్ధినీ పాఠశాలలో జరిగిన ఒక సభలో ఒకరు తెలుగున ప్రసంగింప లేచినప్పుడు సభవారు అల్లరి చేసి మాటలాడనీయక పోయిరి. ఆ అవమానమునుండియే ఆంధ్ర జనసంఘము పుట్టినది. మాడపాటి హనుమంతరావుగారు మొదలగు పెద్దలు ఆ యుద్యమమును నడిపిరి. ప్రతాపరెడ్డిగారు న్యాయవాద వృత్తి విడిచి ఆ పనిలోనికి దిగిరి.

ముందుగా వారు చేపట్టినది రెడ్డి విద్యార్థి వసతి గృహపు నిర్వహణము. వనపర్తి ప్రాంతమునుండి వచ్చి హైదరాబాదు నగర కొత్వాలు పదవి నందిన రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డిగారి పూనికతో 1918లో ఆ వసతి గృహము వెలసినది. పల్లెలనుండి పట్టణమునకు చదువుకై వచ్చిన బాలురకు అది ఆశ్రయము. ప్రతాపరెడ్డిగారు అచ్చటి పిల్లల భోజన వసతులు చూచుటతో తృప్తిపడక, వారికై మంచి గ్రంథాలయమును పెంచిరి. ఆ పని నింకను సాగించుచుండగనే, 1926 మే 10వ తేదీన "గోలకొండ పత్రిక"ను వెలువరించిరి.

వారమునకు రెండుమారులు వెలువడిన ఆ పత్రికను వారు ఇరువది యేండ్లకు పైగా నడపిరి. సంపాదకుడన్నంతనే పెద్ద కుర్చీయు, చుట్టును ఉద్యోగులును మన కన్నులకు కట్టుదురు. అచ్చట అట్టిదేమియు లేదు. సంపాదకీయము వ్రాయువారు, అచ్చుచిత్తులు దిద్దువారు, వ్యాసములు చాలనప్పుడు వేర్వేరు కలము పేర్లతో పుటలు నింపువారు అన్నియు వారే. ఒక దశలో ప్రభుత్వము, సంపాదకీయములను ముందుగా తమకు చూపి అనుమతి పొందిన పిమ్మటనే ప్రకటింపవలెనని ఆంక్ష పెట్టినది. వారు ఎవరి అనుమతికిని పోలేదు. సంపాదకీయము వ్రాయుట మాని, ఆ స్థలమున లోకములోని మహానుభావుల సూక్తులను అచ్చువేసిరి. సర్కారునకు తప్పు పట్టుటకు చోటు లేదు. పాఠకునకు మాత్రము అర్థము కాకపోలేదు.

1934లో వచ్చిన "గోలకొండ కవుల సంచిక" కథ మీలో చాలమంది ఎరిగినదే. నిజాము రాష్ట్రమున తెలుగు కవులు పూజ్యమని, అనగా సున్నయని, ఒకరు వ్రాసిరి. దానికి బదులుగా ప్రతాపరెడ్డిగారు తిట్టుచు వ్యాసము వ్రాయలేదు. ఊరూరికి జాబులు వ్రాసి, పద్యములను తెప్పించి, 354 మంది కవులను ఒక్క గ్రంథమున నిలిపిరి. గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానములు పండితులను పోషించిన సీమ మాది. పద్యము చెప్పగలవారు మా పల్లెలందును ఉండిరి. వారి పేర్లు అడిగి వ్రాసికొన్నవారు మాత్రము అంతకుముందు లేకపోయిరి. అడిగిన వెంటనే 354 పేర్లు వచ్చినవి. శ్రోతలు ఈ విషయమును జ్ఞప్తియందుంచుకొన వేడెదము. తరువాత మేము చెప్పబోవునది దీనిపైననే ఆధారపడియున్నది.

తక్కిన వృత్తాంతమును సంగ్రహముగా చెప్పుదుము. 1930లో జోగిపేటలో జరిగిన ప్రథమ ఆంధ్ర మహాసభకు వారే అధ్యక్షులు. కథలు వ్రాసిరి, నాటకములు వ్రాసిరి. "హిందువుల పండుగలు" వ్రాసిరి, "రామాయణ విశేషములు" వ్రాసిరి, కొత్వాలు వెంకటరామారెడ్డిగారి జీవితచరిత్ర వ్రాసిరి. గ్రంథాలయోద్యమమున తిరిగిరి. 1952లో హైదరాబాదు రాష్ట్ర శాసనసభకు వనపర్తినుండి ఎన్నికైరి. 1953 ఆగస్టు 25న పరమపదించిరి. 1955లో కేంద్ర సాహిత్య అకాడమి తెలుగున తన మొట్టమొదటి పురస్కారమును "ఆంధ్రుల సాంఘిక చరిత్ర"కు ఇచ్చినది. దానిని అందుకొనుటకు గ్రంథకర్త లేరు. 2025లో హైదరాబాదునందలి తెలుగు విశ్వవిద్యాలయమునకు వారి పేరు పెట్టిరి.

న్యాయవాది, వసతి గృహ నిర్వాహకుడు, సంపాదకుడు, కథకుడు, చరిత్రకారుడు, శాసనసభ్యుడు. ఇవి చూచుటకు వేర్వేరు వృత్తులు. కాని వారు ఏ పనిలోనున్నను చేసినది ఒక్కటే. ఎవ్వరును అడుగని మనుష్యులను గూర్చి అడిగిరి. పల్లెపిల్లవానికి చదువున్నదా? పల్లెకవికి పేరున్నదా? తుదకు, మన తాతకు చరిత్ర యున్నదా?

1949లో వెలువడిన "ఆంధ్రుల సాంఘిక చరిత్ర" ఈ కడపటి ప్రశ్నకు సమాధానము. అంతకుమునుపు చరిత్రయనగా రాజుల జన్మమరణములు, యుద్ధములు, వంశవృక్షములు. ప్రతాపరెడ్డిగారు తూర్పు చాళుక్యుల కాలము మొదలు 1907వ సంవత్సరము వరకు మన పూర్వులు ఏమి తినిరి, ఏమి కట్టిరి, ఏ ఆటలాడిరి, ఏ దేవతలను కొలిచిరి, ఏ శిక్షలనుభవించిరి, ఏ వర్తకము చేసిరి అని వెదకిరి. ఇట్టి సంగతులు శాసనములలో అరుదు. అందుచే వారు కావ్యములను తిరుగవేసిరి. "క్రీడాభిరామము"లోని ఓరుగల్లు వీధులు, "ఆముక్తమాల్యద"లోని పల్లెబ్రదుకులు, "శుకసప్తతి", "హంసవింశతి" మొదలగు కథాకావ్యములందలి బట్టల పేర్లు, ఆటల పేర్లు, వంటల పేర్లు వారికి సాక్ష్యములైనవి. పండితులు అలంకారమునకై చదివిన పద్యమున వారు అవ్వ కట్టిన చీరను చూచిరి.

ఇప్పుడు మా తాతగారి పెన్సిలు వ్రాతకు వత్తము.

ఆహారమును గూర్చిన పుట అంచున తాతగారు ఇట్లు వ్రాసిరి: "జొన్న గటుక, పచ్చిపులుసు, ఉల్లిగడ్డ. మా ఇంట ఏడాదికి పది నెలలు ఇదే. వరియన్నము పండుగకు." పిల్లల ఆటలున్న చోట: "చిర్రగోనె. బండ్ల బాట మీద ఆడినాము." చీరల పేర్ల పట్టికలో ఒక పేరు క్రింద గీత గీసి, "ఈ పేరు మా అంగడి ఖాతాలో ఉండెను" అనిరి. ప్రాచీన కావ్యమున కనబడి, పండితులు నిఘంటువులలో వెదకుకొను మాటకు గద్వాల అంగడి గుమాస్తా సాక్షియైనాడు. పాతకాలపు వీధిబడులను, అందలి దండనలను గూర్చిన పుటలో కోదండమను మాట యున్నది. బాలుని త్రాటికి వ్రేలాడదీయు శిక్ష అది. దాని ప్రక్కన: "నాకును వేసినారు. నేను ఎవ్వరికిని వేయలేదు." ముప్పది యేండ్ల పంతులుగిరీని తాతగారు ఈ రెండు వాక్యములలో ముగించిరి. వనపర్తిలో వారి శిష్యులు ఇప్పుడు తాతలైనారు. వారిలో ఒకరికి మేము ఈ పుట చూపగా, వారు కండ్లజోడు తీసి చాలసేపు మాటలాడలేదు.

వీనిని చదువుచున్నప్పుడు మాకు ఆనందము కలుగును. ఇంటివారమంతయు చేరి చదువుకొందుము. కాని ఒక పుట కలదు. అది వచ్చినప్పుడు మేము ఊరకుందుము.

పూర్వకాలమున పన్నులు వసూలు చేయుటలో ప్రజలను పెట్టిన బాధలను గూర్చి ప్రతాపరెడ్డిగారు వ్రాసినచోట, అంచున మూడు మాటలు మాత్రము ఉన్నవి: "ఇది మేము చూచితిమి."

ఊరి పేరు లేదు. సంవత్సరము లేదు. తక్కిన అన్ని చోట్ల "నాకు", "నేను" అని వ్రాసినవారు ఇచ్చట "మేము" అనిరి. ఆ "మేము" ఎవరు? ఊరి ప్రజలా? పట్వారీయు, ఆయన ప్రక్కన లెక్కల పుస్తకము పట్టుకొని నిలిచిన పదునెనిమిదేండ్ల కుఱ్ఱవాడునా? చూచినవారు ఏ వైపున నిలిచి చూచిరి?

తాతగారు ఆ పల్లె పని ఏల విడిచిరని మేము చిన్ననాట అమ్మమ్మ నడిగితిమి. "ఏడు రూపాయలు ఏ మూలకు? చాలక విడిచినారు" అని ఆమె చెప్పినది. మా యింట అందరును అదే నమ్మిరి. ఈ మూడు మాటలు చదివిన నాటినుండి మాకు ఆ నమ్మకము చెదరినది. గద్వాలలో వారికి దొరకిన మొదటి జీతము ఏడు రూపాయలకంటె ఎక్కువ కాదని, తల్లిగారి పెట్టెలోని ఒక కాగితము వలన తరువాత తెలిసినది. ఐదు రూపాయలు. చాలక విడిచినవాడు తక్కువ జీతమునకు పోవునా?

ఈ ప్రశ్నకు సమాధానము చెప్పగల ఒకే యొక మనిషి మా యింట పదునైదేండ్లు మాతో కూర్చుండి అన్నము తినెను. మేము వారి ఒడిలో నిదురించితిమి. వారి గొడుగు పట్టుకొని అంగడికి పోయితిమి. వారి పుస్తకము మా బల్లమీదనే ఉండెను. అయినను మేము ఆ పుట తెరచి, "తాతా, ఏమి చూచితివి?" అని అడుగలేదు. బాలురము, తెలియదని అనుకొనవచ్చును. ఇంటిలో పెద్దలు కూడ నుండిరి. వారును అడుగలేదు. తాతగారిని మేమందరము ప్రేమించితిమి. ప్రేమించితిమి గనుక వారిని ఎరుగుదుమని తలచితిమి. ఎరుగుదుమను ఆ తలంపే అడుగవలసిన ప్రశ్నను అడుగనీయలేదు.

శ్రోతలారా, ఇది మా యింటి మాట మాత్రమే కాదని మా విశ్వాసము. 2016లో పాత మహబూబ్‌నగర్ జిల్లానుండి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు అను మూడు పట్టణములు మూడు జిల్లాలకు కేంద్రములైనవి. కచేరీలు వచ్చినవి, బాటలు వెడల్పైనవి. నిజాము కాలమున పుట్టి, హాలీ రూపాయి చూచి, సంస్థానములు అంతరించుట చూచి, 1952లో మొదటి ఓటు వేసినవారు ఇప్పుడు ఇంటికొక్కరు కాదు, ఊరికొక్కరు కూడ లేరు. వారి తరువాతివారును ముదుసలులైరి. బొంబాయికి, ఆనకట్టల పనులకు గుంపులుగా పోయి మట్టిమోసిన మా పాలమూరు కూలీలు, మగ్గము విడిచి మరియొక పనికి మారినవారు, బస్సు నడిపినవారు, బడిలో గంట కొట్టినవారు, నాలుగు ఊళ్ళలో నాలుగు వృత్తులు చేసినవారు మన యిండ్లలోనే మంచముపై కూర్చుండి యున్నారు. వారి పేర్లు ఏ శాసనమునను లేవు. వారిని గూర్చి కావ్యము వ్రాసిన కవియు లేడు.

354 పేర్లు ఎట్లు వచ్చినవో తలచుకొందము. ప్రతాపరెడ్డిగారు జాబు వ్రాసి అడిగిరి. మనకు జాబు వ్రాయవలసిన పని కూడ లేదు. ప్రక్కగదిలోనికి పోయి అడిగిన చాలును. నీ మొదటి జీతమెంత? అది ఏ నాణెమున వచ్చినది? నీ తల్లి ఏ చీర కట్టెడిది? ఏ ఆట ఆడితివి? ఇవి సులభమైనవి. వీనితో మొదలుపెట్టవలెను. మాట సాగిన పిమ్మట మరియొక ప్రశ్న యున్నది. ఏ పని విడిచితివి? ఏల విడిచితివి? మనుష్యుడు చేపట్టిన పనులు అందరకును కనబడును. విడిచిన పనుల కారణము వాని నోటనే రావలెను.

అడిగిన దానిని ఒక కాగితముమీద, ఊరి పేరును సంవత్సరమును వేసి వ్రాసిపెట్టుడు. మా తాతగారు ఆ రెంటిని వేయలేదు. అందుచే మేము నేటికిని ఆ పల్లెకు పోయి, పాత కచేరీ స్థలమెక్కడో తెలిసికొని, అచ్చట ఒక వేపచెట్టు క్రింద నిలిచి, ఏ దిక్కున చూడవలెనో తెలియక తిరిగి వచ్చుచున్నాము.

ఈ ప్రసంగము ముగిసిన తరువాత కొంతసేపు మీ రేడియోను కట్టివేసినను మేము అన్యథా భావింపము.